జింక వేటకు ఏ తుపాకి?

నవంబరు వచ్చిందంటే చాలు... అమెరికాలో లక్షలమంది ఆఫీసులకు సెలవు పెట్టి అడవిబాట పడతారు. అక్కడ జింకల వేట లైసెన్సు తీసుకుని చట్టప్రకారం చేసే పని. చలికాలానికి సరిపడా మాంసం ఇంటికి తెచ్చుకునే మార్గం కూడా. ఆ వేటకు మొదటిసారి బయల్దేరే వాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. తక్కువ డబ్బులో వచ్చే మంచి రైఫిల్ ఏది? అందులోకి ఏ తూటా సరైనది? చూడ్డానికి ఇది జేబుకి సంబంధించిన లెక్కే. కానీ ఓ మూగజీవి క్షణంలో ప్రాణం విడుస్తుందా, గాయంతో గంటలకొద్దీ అల్లాడుతుందా అన్నది కూడా ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

విస్కాన్సిన్ రాష్ట్రంలో థ్యాంక్స్‌గివింగ్ పండగకు ముందొచ్చే శనివారం తుపాకి వేట మొదలవుతుంది. తొమ్మిదిరోజులు సాగే ఈ సీజను కోసం అయిదు లక్షలమందికి పైగా లైసెన్సులు తీసుకుంటారు. పెన్సిల్వేనియాలో ఎన్నో దశాబ్దాలపాటు ఆ పండగ తర్వాత వచ్చే సోమవారం వేట మొదలయ్యేది. ఆ రోజు పల్లెల్లో చాలా బడులకు సెలవు. 2019లో వేట ఆరంభాన్ని శనివారానికి మార్చినా, సోమవారం సెలవు ఇచ్చే ఆనవాయితీని కొన్ని బడులు మానుకోలేదు. టెక్సాస్‌లోనైతే నవంబరు మొదటి శనివారం నుంచే సందడి.

మనకి ఇది వింతగానే ఉంటుంది. జింక పేరు చెబితే సీతమ్మ కోరిన బంగారు లేడి గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది మచ్చల జింక. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిమీద తుపాకి ఎక్కుపెట్టడం నేరం. మరి అమెరికాలో ఎందుకు కాదు?

వేటగాళ్ల పన్నుతో...

ఒకప్పుడు అక్కడా జింకలు దాదాపు అంతరించిపోయే దశకు చేరాయి. అడ్డూఅదుపూ లేని వేట వల్లా, మాంసం వ్యాపారం వల్లా 1900 నాటికి తెల్లతోక జింకలు అయిదు లక్షలకు మించి మిగల్లేదని అంచనా. దాంతో ప్రభుత్వాలు మేల్కొన్నాయి. వేటాడిన మాంసం అమ్మకాన్ని ఆపేశాయి. సీజన్లూ, పరిమితులూ పెట్టాయి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం మరో మెట్టు. రైఫిళ్లమీదా తూటాలమీదా తయారీదారులు కట్టే 11 శాతం పన్ను నేరుగా వన్యప్రాణుల సంరక్షణకు వెళ్లేలా అది ఏర్పాటు చేసింది. దుకాణంలో ఎంత చౌక రైఫిల్ కొన్నా ఆ ధరలో అడవి వాటా ఉంటుందన్నమాట!

ఇప్పుడు ఆ దేశంలో ఉన్న తెల్లతోక జింకలు దాదాపు మూడు కోట్లు. వాటిని తినే తోడేళ్లూ, కొండసింహాలూ చాలాచోట్ల లేవు. పంటలు పోతున్నాయి. అడవుల్లో మొలకలు ఎదగడం లేదు. ఏటా పది లక్షలకు పైగా వాహనాలు జింకల్ని ఢీకొంటున్నాయని బీమా సంస్థల అంచనా. న్యూజెర్సీ, వర్జీనియాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు పెరట్లోకి వచ్చి మొక్కలు మేసిపోయే జింకలు కొత్తకాదు. అందుకే ఏ ప్రాంతంలో ఎన్నింటిని వేటాడవచ్చో ప్రతి రాష్ట్రమూ ఏటా లెక్కలేసి అనుమతులిస్తుంది. ఒక జింకతో ఓ కుటుంబానికి సుమారు పాతిక కిలోల మాంసం వస్తుంది. కొన్ని నెలలపాటు కూరకి లోటుండదు.

త్రీ నాట్ త్రీ తెలుసుగా!

తుపాకి దుకాణంలో అడుగుపెట్టగానే కొత్తవాళ్లను బెదరగొట్టేవి అంకెలు. .243, .270, .308, 30-30, 30-06, 6.5 క్రీడ్‌మూర్... ఇవన్నీ క్యాలిబర్లు. మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు వేలాడిన త్రీ నాట్ త్రీ రైఫిల్ గుర్తుంటే ఈ లెక్క సులువుగానే అర్థమవుతుంది. గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వెయ్యికి 303 వంతులు కాబట్టి దానికా పేరు. అలాగే .308 అంటే గుండు వెడల్పు 0.308 అంగుళాలు, దగ్గరదగ్గర ఎనిమిది మిల్లీమీటర్లు. .243 అంటే ఆరు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ.

అన్ని పేర్లూ ఇంత సూటిగా ఉండవు. 30-06లో 30 వెడల్పుని చెబితే, 06 అది అమెరికా సైన్యంలోకి వచ్చిన 1906ని చెబుతుంది. 30-30లో రెండో ముప్పై మొదట్లో అందులో పోసిన మందు బరువు. ఇక .270లో వాడే గుండు అసలు వెడల్పు 0.277 అంగుళాలు! కాబట్టి పేరు చూసి బలాన్ని అంచనా వేయకూడదు. .308, 30-06, 30-30... మూడింటి గుండ్లూ ఒకే వెడల్పు. తేడా అంతా వెనకున్న ఇత్తడి తొడుగులో ఎంత మందు పడుతుందన్న దాంట్లోనే ఉంది.

పెట్టెమీద మరో అంకె కనిపిస్తుంది... 100 గ్రెయిన్లు, 150 గ్రెయిన్లు అని. అది గుండు బరువు. ఒక్కో గ్రెయిను 65 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచిన గురిగింజలో సుమారు సగం. బ్రిటిషువాళ్ల కాలంలో తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. అంటే 30-06లో వాడే 180 గ్రెయిన్ల గుండు కచ్చితంగా ఒక పాత తులం బరువు ఉంటుంది. జింకకి అంత బరువు కూడా అక్కర్లేదు. 100 నుంచి 150 గ్రెయిన్లు చాలు.

ఏ తూటా ఎవరికి?

వేటగాళ్లు కూర్చుంటే క్యాలిబర్ల గురించి తెల్లవార్లూ వాదించుకుంటారు. మన దగ్గర ఏ ఊరి ఆవకాయ గొప్పదన్న చర్చలాంటిదే ఇదీ. నిజానికి జింక విషయంలో వీటిలో ఏదైనా పనికొస్తుంది. ఎవరికి ఏది నప్పుతుందన్నదే చూసుకోవాలి.

30-30 విన్‌చెస్టర్: 1895లో వచ్చింది. తూర్పు రాష్ట్రాల దట్టమైన అడవుల్లో వందేళ్లకు పైగా సామాన్యుడి తూటా ఇదే. ఎక్కువగా కింద పిడిని లాగి తూటా ఎక్కించే లీవర్ తుపాకుల్లో వాడతారు. ఆ తుపాకుల్లో తూటాలు ఓ గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొన ముందున్న తూటా అడుగున తగిలి పేలకుండా, గుండ్లకు మొద్దు ముక్కు పెడతారు. అందుకే గాలిలో వేగం త్వరగా తగ్గుతుంది. 150 గజాల లోపు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది.

.243 విన్‌చెస్టర్: 1955 నాటిది. 100 గ్రెయిన్ల చిన్న గుండు సెకనుకు 900 మీటర్ల వేగంతో వెళుతుంది. తన్ను చాలా తక్కువ. పిల్లలకూ, కొత్తవాళ్లకూ మొదట సిఫార్సు చేసేది దీన్నే. అయితే చిన్న గుండు కాబట్టి గురి విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి.

.308 విన్‌చెస్టర్: 1952లో వచ్చింది. 150 గ్రెయిన్ల గుండు సెకనుకు సుమారు 860 మీటర్ల వేగంతో దూసుకెళ్తుంది. నాటో సైన్యాల 7.62 తూటాకు తోబుట్టువు. చిన్న ఊళ్లో సామాన్ల దుకాణంలో కూడా దొరుకుతుంది. ధర అందుబాటులో ఉంటుంది. ఏది కొనాలో తేల్చుకోలేని పెద్దవాళ్లు దీన్ని కొంటే పశ్చాత్తాపపడేది ఉండదు.

7ఎంఎం-08 రెమింగ్టన్: .308 తొడుగునే మెడ దగ్గర సన్నం చేసి 1980లో తెచ్చారు. .308 చేసే పని చేస్తూనే భుజాన్ని కాస్త తక్కువగా తన్నుతుంది. చిన్న దుకాణాల్లో ఒక్కోసారి దొరకదు.

6.5 క్రీడ్‌మూర్: 2007లో లక్ష్యాలు కొట్టే పోటీల కోసం పుట్టింది. తన్ను తక్కువ, గురి బాగుంటుంది. కొద్దికాలంలోనే వేటలోకీ వచ్చేసింది. ఇప్పుడు చౌక రైఫిళ్లన్నీ ఇందులోనూ దొరుకుతున్నాయి.

.270, 30-06: ఒకటి 1925 నాటిది, మరొకటి 1906 నాటిది. జింకకి అవసరమైనదానికంటే రెండింటికీ బలం ఎక్కువే. మున్ముందు ఎల్క్ లాంటి పెద్ద జంతువుల వేటకూ వెళ్లాలనుకునేవాళ్లు 30-06 ఎంచుకుంటారు.

ఇక మాగ్నమ్ పేరుతో వచ్చే భారీ తూటాలు... జింకకి అవి పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమే. మాంసం పాడవుతుంది, తూటా ఖరీదెక్కువ, భుజం నొప్పి అదనం.

భుజం మాట వినాలి

తుపాకి పేలినప్పుడు వెనక్కి తన్నుతుంది. అదే బరువున్న రైఫిల్లో .243తో పోలిస్తే 30-06 తన్ను దాదాపు రెట్టింపు. కొత్తవాళ్లు పట్టించుకోని సంగతి ఇదే. నాలుగు తూటాలు కాల్చాక శరీరం ఆ దెబ్బని గుర్తుపెట్టుకుంటుంది. అయిదోసారి ట్రిగ్గర్ నొక్కేలోపే కళ్లు మూతపడతాయి, భుజం బిగుసుకుంటుంది, గొట్టం అంగుళం పక్కకు జరుగుతుంది. తనకే తెలియకుండా గురి చెడుతుంది.

చౌక రైఫిళ్ల విషయంలో దీన్ని మరీ ఎక్కువగా ఆలోచించాలి. ధర తగ్గించడం కోసం వాటికి ప్లాస్టిక్ మడమ బిగిస్తారు. దాంతో మొత్తం బరువు మూడు కిలోల చుట్టూ ఉంటుంది. తుపాకి తేలికైనకొద్దీ తన్ను గట్టిగా తగులుతుంది. మోయడానికి హాయిగా ఉన్న రైఫిలే కాల్చేటప్పుడు కష్టపెడుతుంది. కాబట్టి తక్కువ ధర రైఫిల్ కొనేవాళ్లు మెత్తని క్యాలిబర్ ఎంచుకోవడం తెలివైన పని. .243, 7ఎంఎం-08, 6.5 క్రీడ్‌మూర్... ఈ మూడూ ఆ కోవలోవే. ఇంట్లో ఒకే రైఫిల్‌ని అమ్మ, నాన్న, కాలేజీకెళ్లే కొడుకు పంచుకోవాలంటే వాళ్లలో అందరికంటే సన్నగా ఉన్నవాళ్ల భుజాన్ని బట్టే కొనాలి.

చౌక... ఎలా సాధ్యం?

ఒకప్పుడు మంచి రైఫిల్ అంటే నున్నటి వాల్‌నట్ చెక్క, చేత్తో సానపట్టిన ఉక్కు. విన్‌చెస్టర్ మోడల్ 70 (1936), రెమింగ్టన్ 700 (1962) అలాంటి పేరున్నవి. అవి కొనలేని వాళ్లకి రెండో ప్రపంచయుద్ధం తర్వాత మరో దారి దొరికింది... సైన్యాలు వదిలించుకున్న పాత రైఫిళ్లు. మన త్రీ నాట్ త్రీ అన్నదమ్ములు అమెరికా, కెనడాల్లో చవగ్గా అమ్ముడయ్యాయి. చెక్క కోసి, బరువు తగ్గించి వాటితోనే జింకల్ని వేటాడిన రైతు కుటుంబాలెన్నో. 1960ల్లో పశ్చిమబెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన 7.62 రైఫిళ్లు కూడా మిగులు సరకుగా ఆ దేశం చేరాయి.

అసలైన మార్పు తయారీలో వచ్చింది. 1958లో వచ్చిన శావేజ్ 110 రైఫిల్లో గొట్టాన్ని ఓ పెద్ద నట్టుతో బిగించారు. తూటా కూర్చునే చోటికీ బోల్టుకీ మధ్య ఉండాల్సిన దూరం వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. అంతకుముందు దాన్ని నిపుణులు అరగదీస్తూ సరిచేసేవారు. నట్టు వచ్చాక కొలతబిళ్ల పెట్టి తిప్పి బిగిస్తే సరిపోయింది. ఖరీదైన చేతిపని తగ్గింది, గురి మాత్రం తగ్గలేదు. శావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్ లాంటి ఇప్పటి చౌక రైఫిళ్లలోనూ అదే పద్ధతి. కంప్యూటర్లు నడిపే యంత్రాలొచ్చాక గొట్టాల నాణ్యత ఇంకా పెరిగింది.

ప్రస్తుతం యాక్సిస్, రూగర్ అమెరికన్, మాస్‌బర్గ్ పేట్రియట్, విన్‌చెస్టర్ ఎక్స్‌పీఆర్ లాంటివి మోడల్‌ని బట్టి సుమారు 400 నుంచి 600 డాలర్లకు దొరుకుతున్నాయి. పదిహేను వందల డాలర్ల రైఫిల్‌కీ వీటికీ తేడా ఎక్కడంటే... బోల్టు అంత నున్నగా కదలదు. ప్లాస్టిక్ బోలుగా మోగుతుంది. మెరుగు తక్కువ. కానీ గుండు వెళ్లి తగిలే చోటులో తేడా జింక వేటకు లెక్కలోకి వచ్చేంత ఉండదు.

పళ్లెమంత చోటు

అది ఎలాగో తెలియాలంటే జింక శరీరాన్ని చూడాలి. ముందుకాలి వెనక, ఛాతీలో గుండే ఊపిరితిత్తులూ ఉన్న భాగం ఎనిమిది అంగుళాల వెడల్పుంటుంది. చిన్న పళ్లెమంత. అక్కడ తగిలితే జింక కొద్ది సెకన్లలోనే పడిపోతుంది. దానికి అటూ ఇటూ తగిలితే మాత్రం గాయంతో పారిపోతుంది.

ఇప్పటి చౌక రైఫిళ్లు వంద గజాల దూరంలో మూడు గుండ్లని ఒకటి రెండు అంగుళాల్లో పెట్టగలవు. అంటే పళ్లెంలో అరచేతిలో సగమంత చోటు. ఇంకో వెయ్యి డాలర్లు పెట్టి దాన్ని ముప్పావు అంగుళానికి తగ్గించినా జింకకి ఏ తేడా తెలియదు. తూర్పు అడవుల్లో చాలా జింకలు వంద గజాల లోపే కనిపిస్తాయి. ఆ దూరంలో పళ్లెంలోంచి గుండు పక్కకు పోయిందంటే తప్పు రైఫిల్‌ది కాదు. చలికి వణికే వేళ్లది, దడదడలాడే గుండెది, ఆయాసంలో ఆగని ఊపిరిది. పెద్ద క్యాలిబర్ కొంటే గురి తప్పినా పడిపోతుందనుకోవడం ఓ భ్రమ. పొట్టలో తగిలిన పెద్ద గుండు కన్నా గుండెలో తగిలిన చిన్న గుండే జింకని బాధ పెట్టకుండా పడగొడుతుంది.

ఎనిమిది వందలు పంచితే...

చేతిలో 800 డాలర్లు ఉన్నాయనుకుందాం. దుకాణంలో అదే ధరకు మెరిసే రైఫిల్ ఒకటి ఊరిస్తూ ఉంటుంది. దాన్ని కొంటే స్కోపుకి డబ్బుండదు, తూటాలకి అంతకన్నా ఉండదు. అనుభవజ్ఞులు అదే డబ్బుని ఇంకోలా పంచుతారు.

రైఫిల్‌కి 450. స్కోపుకి 200. దాన్ని బిగించే రింగులకు 40. మిగిలిన 110 డాలర్లతో మూడు పెట్టెల తూటాలు. పెట్టెకి ఇరవై.

స్కోపు విషయంలో మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపే 3-9×40 రకం చాలు. జింకలు తిరిగేది తెల్లవారుజామునా, పొద్దుగూకే వేళా. మసక వెలుతురులో బొమ్మ స్పష్టంగా కనిపించాలి. ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందన్నదానికన్నా అద్దాల నాణ్యతే ముఖ్యం. రైఫిల్‌తో కలిపి అమ్మే స్కోపు ఖర్చు కలిసొస్తుంది కానీ, సంధ్యవేళ దాంట్లోంచి చూశాకే కొనాలి. బిగింపు వదులైతే ఎంత గొప్ప రైఫిలైనా వృథాయే.

తూటాల్లో మొన మెత్తగా ఉండి, తగలగానే పూవులా విచ్చుకునే రకమే జింకకి వాడాలి. రెమింగ్టన్ కోర్-లాక్ట్ లాంటివి 1939 నుంచీ ఉన్నాయి. ఇప్పటికీ చవకే. అంతకన్నా చవగ్గా దొరికే మిలిటరీ తరహా గుండ్లు విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోతాయి. జింక గాయంతో తప్పించుకుంటుంది. అందుకే చాలా రాష్ట్రాలు వేటలో వాటిని నిషేధించాయి.

ఇక ఆ మూడు పెట్టెలు దేనికంటే... మొదటి పెట్టె గురి సరిచేయడానికి. ముందు 25 గజాల్లో, తర్వాత 100 గజాల్లో మూడేసి గుండ్లు కాల్చి స్కోపు మరలు తిప్పుతారు. ప్రతి మూడింటికీ గొట్టం చల్లారనివ్వాలి. రెండో పెట్టె సాధనకు. బల్లమీద సంచి పెట్టుకుని కాల్చడం ఎవరికైనా వస్తుంది. అడవిలో బల్ల ఉండదుగా! మోకాలిమీద, చెట్టుకి ఆనుకుని, నేలమీద కూర్చుని కాల్చి చూడాలి. ఆ భంగిమలో పళ్లెంలోకి వరసగా గుండ్లు వెళ్లే దూరం ఎంతో, అదే ఆ మనిషి హద్దు. అది ఎనభై గజాలైతే ఎనభైకే ఆగాలి. మూడో పెట్టె అడవికి. అందులో ఒకటి రెండుకు మించి ఖర్చు కాకూడదు.

సాధనకు ఇంకా చౌక మార్గం .22 రైఫిల్. దాని తూటా పది సెంట్ల చుట్టూ దొరుకుతుంది. తన్ను ఉండదు, చప్పుడు తక్కువ. ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్‌ని మెల్లగా నొక్కడం దాంతో ఎన్నిసార్లయినా నేర్చుకోవచ్చు. చెవులకు రక్షణ మాత్రం తప్పనిసరి.

పాతది కొంటే?

వాడిన రైఫిల్ మరో మంచి దారి. చాలామంది వేటగాళ్లు ఏడాదికి పట్టుమని పది తూటాలు కూడా కాల్చరు. కాబట్టి ముప్ఫై ఏళ్లనాటి రైఫిల్ గొట్టం కూడా కొత్తదానిలా ఉండొచ్చు. పైన చెక్క గీతలు చూసి భయపడక్కర్లేదు, గొట్టం లోపల తుప్పు ఉంటే మాత్రం వదిలేయాలి. మొనదగ్గర దెబ్బలు తగిలి ఉన్నాయేమో, బోల్టు గట్టిగా మూసుకుంటుందో లేదో, సేఫ్టీ మీట పనిచేస్తుందో లేదో చూడాలి. కొన్ని మోడళ్ల ట్రిగ్గర్లలో లోపాలు బయటపడి కంపెనీలు వాటిని వెనక్కి పిలిపించిన సందర్భాలున్నాయి. సీరియల్ నంబరుతో ఆ సంగతి ముందే ఆరా తీయాలి. అనుమానం ఉంటే తుపాకుల మెకానిక్‌కి కొద్దిపాటి రుసుమిచ్చి చూపించుకోవడం మేలు.

ఊరికో చట్టం

రైఫిల్ కొనేముందు రాష్ట్రం వేట నిబంధనల పుస్తకం చదవాలి. లేకపోతే డబ్బంతా బూడిదలో పోసినట్టే.

* న్యూజెర్సీలో జింకల వేటకు మామూలు రైఫిల్ పనికిరాదు. షాట్‌గన్, మొననుంచి మందు కూరే తుపాకి, విల్లు... వీటినే అనుమతిస్తారు. జనసాంద్రత ఎక్కువ కదా, రైఫిల్ గుండు మైళ్ల దూరం పోతుంది.

* ఒహాయోలో మెడ దగ్గర సన్నబడని, నిటారు తొడుగున్న తూటాలకే 2014 నుంచి అనుమతి. అలాంటి రాష్ట్రాల కోసమే 2019లో .350 లెజెండ్ వచ్చింది. ఆ రాష్ట్రంలో .308 కొంటే జింకల వేటకు అక్కరకు రాదు.

* కొలరాడోలో .24 కంటే చిన్న క్యాలిబర్ వాడకూడదు.

* కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి ఏ వేటకీ సీసం గుండ్లు కుదరవు. రాగి లాంటి, సీసం లేనివే వాడాలి. గుండు తగిలి పడిన జంతువుల్ని తిని కాండర్ రాబందులు సీసం విషంతో చనిపోవడమే కారణం.

సీసం గొడవ రాబందులతో ఆగలేదు. 2008లో ఉత్తర డకోటాలో, పేదలకు పంచడానికి వేటగాళ్లు దానమిచ్చిన జింక కైమాలో సీసం రేణువులు కనిపించాయి. దాన్ని పారేయమని అధికారులు చెప్పారు. ఇంట్లో చిన్నపిల్లలూ గర్భిణులూ ఉంటే కాస్త ధర ఎక్కువైనా రాగి గుండ్లు కొనడం మంచిది. కనీసం గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని ఉదారంగా కోసి పారేయాలి.

కొనడానికీ పద్ధతులున్నాయి. లైసెన్సున్న దుకాణంలో రైఫిల్ కొనాలంటే కేంద్ర చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండాలి. గతాన్ని పరిశీలించే విధానం 1998 నుంచీ దేశమంతా ఉంది. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు మామూలుగా తుపాకి దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. అయినా స్నేహితులతో సరదాగా వెళ్లేముందు చట్టం తెలిసినవాళ్లని అడగడం తప్పనిసరి. వీసాతో ఆటలు కూడదు కదా!

లైసెన్సుకి ముందు శిక్షణ కూడా ఉంటుంది. దాన్ని తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం న్యూయార్క్... 1949లో. తుపాకిలో తూటా ఉన్నట్టే భావించాలి, లక్ష్యం వెనక ఏముందో చూడకుండా కాల్చకూడదు, మనిషి వైపు గొట్టం తిప్పకూడదు... అక్కడ నేర్పే మొదటి పాఠాలివి. మెరిసే నారింజ రంగు చొక్కా చాలా రాష్ట్రాల్లో తప్పనిసరి. ఇంటికొచ్చాక రైఫిల్ తాళం వేసిన బీరువాలో, తూటాలు వేరేచోట ఉండాలి. పిల్లలున్న ఇంట్లో ఈ తాళం ఖర్చు స్కోపుకన్నా ముందు లెక్కలోకి రావాలి.

కాల్చకపోవడమూ వేటే

తూటా తగిలిన జింక వెంటనే పడకపోతే వెంటపడి తరమకూడదంటారు వేటగాళ్లు. అరగంట ఆగి, నేలమీది రక్తపు చుక్కల్ని పట్టుకుని నెమ్మదిగా వెళ్లాలి. గాయపడిన జింకని చీకటిపడినా వెతికి తీరాలన్నది అక్కడి పెద్దలు పిల్లలకు నేర్పే నియమం. ఆ వెతుకులాట ఎంత కష్టమో ఒక్కసారి అనుభవించినవాళ్లు రెండోసారి అనుమానంగా ట్రిగ్గర్ నొక్కరు. జింక మరీ దూరంగా ఉందనిపిస్తే, కొమ్మలు అడ్డొస్తే, చేయి వణికితే... తుపాకి దించేస్తారు. సీజనులో అలా ఉత్తచేతులతో తిరిగొచ్చే రోజులే ఎక్కువ.

రైఫిల్ ధర ఎంతన్నది అప్పుడు గుర్తుకు రాదు. 450 డాలర్ల రైఫిల్ పట్టుకుని, దాంతో వంద గుండ్లు కాల్చి తన హద్దు తెలుసుకున్న మనిషి... రెండువేల డాలర్ల రైఫిల్‌ని సీజను ముందురోజు పెట్టెలోంచి తీసిన మనిషికంటే అడవికి మేలైన అతిథి. మొదటిసారి కొనేవాళ్లకు దుకాణంలో చెప్పాల్సిన సలహా కూడా అదే. చట్టం ఒప్పుకునే మెత్తని క్యాలిబర్‌లో, చేతికి కుదిరిన చౌక రైఫిల్ తీసుకోండి. మిగిలిన డబ్బుకి తూటాలు కొనండి. వేట నవంబరులోనే అయినా, వాటిలో ఎక్కువ భాగం ఆగస్టులోనే కాల్చేయండి.